మంచు గ్లాసు సాక్ష్యం

"ఇన్సులిన్ ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగారు డాక్టరుగారు.

"ఫ్రిజ్‌లోనే సార్."

"ఫ్రిజ్‌లో అంటే ఎక్కడ?"

ఆ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. 2022 వేసవి అది. అమ్మకు అప్పటికి పదేళ్ళుగా చక్కెర వ్యాధి. తిండిలో మార్పు లేదు, మందులో మార్పు లేదు, అయినా వారం రోజులుగా పొద్దున పరీక్షలో అంకె ఒక రోజు ఆకాశాన్ని అంటుతోంది, మరో రోజు నేలమీద ఉంటోంది. డోసు మార్చే ముందు డాక్టరుగారు ఈ సంగతి తేల్చుకోవాలనుకున్నారు. తెరవని ఇన్సులిన్ సీసా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఎక్కువ వేడి తగిలితే పదును పోతుంది. గడ్డకట్టిందంటే ఇక పనికి రాదు. కరిగాక చూడటానికి మామూలుగానే కనిపించినా పారేయవలసిందే. ఫ్రిజ్‌లో వెనక గోడ దగ్గర చలి ఎక్కువ, తలుపు అరలో తలుపు తీసినప్పుడల్లా వేడిగాలి. మా ఇంట్లో సీసాలు సరిగ్గా వెనక గోడకు ఆనించి, పెరుగు గిన్నె పక్కన ఉన్నాయి.

ఇంటికి వస్తూ దారిలోనే అనుకున్నాను, ఫ్రిజ్‌లో చలి ఎంతుందో రాత్రీపగలూ చూస్తూ, గీత దాటితే మోగే పరికరం ఒకటి నేనే చేయాలని.

బి.కాం. చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునేవాడికి ఈ పని ఎందుకని మీకు అనిపించవచ్చు. మా బావమరిది ముప్పై ఏళ్ళుగా ఇదే అడుగుతున్నాడు. కాలేజీ రోజుల్లో స్నేహితుడి దగ్గర 'ఎలక్ట్రానిక్స్ ఫర్ యు' పత్రిక చూసి రేడియో ఒకటి బిగించాను. అది పలికింది. అంతే, ఆ పిచ్చి వదల్లేదు. మేము బెంగుళూరులో ఉండటం కూడా కలిసొచ్చింది. సిటీ మార్కెట్టుకూ టౌన్ హాలుకూ దగ్గర్లో ఉన్న సాదర్ పత్రప్ప రోడ్డును ఇక్కడ అందరూ ఎస్.పి. రోడ్డు అంటారు. మద్రాసు వారికి రిచీ స్ట్రీటు ఎలాగో, బొంబాయి వారికి లామింగ్టన్ రోడ్డు ఎలాగో, హైదరాబాదు వారికి కోఠీలో గుజరాతీ గల్లీ ఎలాగో, మాకు ఎస్.పి. రోడ్డు అలాగు. 2015 నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. ఆ శనివారాల్లో సగం నాకు ఆ వీధిలోనే గడుస్తాయి.

తొలి ప్రయత్నం

పరికరం పెద్ద విద్యేమీ కాదు. ఆర్డువినో అనే చిన్న బోర్డు, అంకెలు చూపే చిన్న తెర, ఒక బజరు, ఒక పచ్చదీపం, ఒక ఎర్రదీపం, చలిని కొలిచే సెన్సరు. సెన్సరుగా డి.ఎస్.18బి20 అనే మూడు కాళ్ళ చిప్పును ఎంచుకున్నాను. చూడటానికి పాతకాలపు ట్రాన్సిస్టరులా ఉంటుంది. ఉక్కు గొట్టంలో పెట్టి, మీటరు తీగ తగిలించి, నీళ్ళు చొరకుండా మూసి కూడా అమ్ముతారు. అలాంటిదే ఒకటి వంద రూపాయల లోపు తెచ్చాను. దుకాణం పేరు ఇక్కడ అనవసరం.

శనివారం సాయంత్రానికి పని అయిపోయింది. మొదట తెరమీద 85 డిగ్రీలు కనబడి గుండె గుభేలుమంది. తర్వాత తెలిసింది, కరెంటు తగిలి ఇంకా కొలత మొదలుపెట్టని క్షణంలో ఆ చిప్పు చూపే అంకె అదేనని. కాసేపటికి 4.0625 అని చూపింది. నాలుగు దశాంశ స్థానాలు! మా బ్యాంకులో పైసలకు రెండు స్థానాలే. అమ్మను పిలిచి చూపించాను.

"ఇంక భయం లేదమ్మా. రాత్రంతా ఇదే కాపలా" అన్నాను.

"నువ్వు చేసినావు కదా నాయనా, ఇంక నాకేం భయం" అంది.

ఆ మాట తర్వాత చాలా రోజులు నా చెవిలో గుచ్చుకుంటూ ఉండింది.

పదిరోజులు గడిచాయి. పచ్చదీపం ఒక్కసారి కూడా ఆరలేదు. అమ్మ అంకెలు మాత్రం దారికి రాలేదు. ఒకరోజు మా అమ్మాయి, అప్పుడు తొమ్మిదో తరగతి, పరికరం ముందు నిలబడి "నాన్నా, ఇది నిజం చెబుతోందని ఎట్లా తెలుసు?" అని అడిగింది.

"చూడు, నాలుగు దశాంశాలు చూపిస్తోంది."

"అది కాదు నాన్నా. కరుగుతున్న ఐసు సున్నా డిగ్రీలు కదా, మా పుస్తకంలో ఉంది. అందులో పెట్టి చూద్దాం."

ఫ్లాస్కులో ఐసు ముక్కలు దంచి పోసి, కొంచెం నీళ్ళు చేర్చి, ఉక్కు గొట్టాన్ని మధ్యలో ముంచాం. అంకె దిగుతూ దిగుతూ 2.8 దగ్గర ఆగిపోయింది. పదినిమిషాలు కలుపుతూ చూశాం. కదల్లేదు. అంటే నా పరికరం నాలుగు డిగ్రీలు అన్నప్పుడు సీసాల దగ్గర నిజానికి ఒకటికి అటూ ఇటూ ఉన్నట్టు లెక్క. తెల్లవారుజామున తలుపు తీసేవారు లేక మరింత చల్లబడినప్పుడు అది 2.5 చూపుతూ పచ్చదీపం వెలిగిస్తుంటే, లోపల సున్నా దాటి పోయి ఉండవచ్చు.

ఆ రాత్రే ఫ్రిజ్‌లో ఉన్న సీసాలన్నీ పక్కన పడేశాం. అవి నిజంగా చెడ్డాయో లేదో నాకు తెలిసే దారి లేదు. కానీ అనుమానం ఉన్న మందు అమ్మ ఒంట్లోకి పోకూడదు. మర్నాడు కొత్తవి తెచ్చి, వెనక గోడకు దూరంగా మధ్య అరలో డబ్బాలో పెట్టాం. ఎప్పుడో ఎవరో ఇచ్చిన గాజు థర్మామీటరు ఒకటి వెతికి పక్కన పెట్టాం. తర్వాతి వారాల్లో అమ్మ అంకెలు సర్దుకున్నాయి. సీసాల వల్లనా, వేసవి తగ్గడం వల్లనా అంటే నేను చెప్పలేను. నా పరికరం పదిరోజులు అబద్ధం చెప్పిందన్నది మాత్రం నిజం. "భయం లేదు" అని అమ్మకు చెప్పినవాణ్ణి నేను.

ముద్ర వేసేవాడు లేని నకిలీ

బ్యాంకులో క్యాషు చూసేవారికి నకిలీ నోటు వస్తే ఏం చేయాలో పాఠం ఉంది. తెచ్చినవారికి తిరిగి ఇవ్వకూడదు. నకిలీ అని ముద్ర వేసి, రసీదు రాసిచ్చి, స్వాధీనం చేసుకోవాలి. చిప్పుల బజారులో ఆ ముద్ర వేసేవాడు లేడు. నకిలీ సరుకు చేతులు మారుతూనే ఉంటుంది.

డి.ఎస్.18బి20 చిప్పు అసలు అమెరికాలో డల్లాస్ సెమీకండక్టర్ కంపెనీది. 2001లో దాన్ని మాక్సిమ్ కంపెనీ కొన్నది. 2021లో మాక్సిమ్‌ను అనలాగ్ డివైసెస్ కొన్నది. చిప్పు మీద మాత్రం 'డల్లాస్' అనే పాత పేరే కొనసాగింది. ఆ పేరు అచ్చువేసుకుని వచ్చే అనుకరణలు బజారులో విపరీతం. ఉక్కు గొట్టంలో మూసి అమ్మే వాటిలో లోపల ఏముందో కంటికి కనబడదు కనుక అక్కడ మరీ ఎక్కువ. అసలు సరుకుకు కంపెనీ ఇచ్చే మాట ఏమిటంటే, మైనస్ 10 నుంచి 85 డిగ్రీల దాకా తప్పు అర డిగ్రీకి మించదని. అనుకరణల్లో కొన్ని బాగానే పనిచేస్తాయి, కొన్ని నాకు దొరికినట్టుంటాయి. ఏది ఎలాంటిదో పూచీ పడేవారు ఉండరు. నకిలీలోని అసలు దోషం అదే.

నాలుగు దశాంశాల సంగతి కూడా అప్పుడే బుర్రకెక్కింది. ఆ చిప్పు డిగ్రీలో పదహారో వంతు చొప్పున, అంటే 0.0625 చొప్పున, మెట్లు ఎక్కి దిగుతుంది. మెట్టు చిన్నది కావడం వేరు, మెట్లదారి సరైన ఇంటికి పోవడం వేరు. అసలు చిప్పు 4.0625 అన్నా మనం చదువుకోవలసింది మూడున్నరకూ నాలుగున్నరకూ మధ్య అని. పాసుపుస్తకంలో నిల్వ పైసలతో సహా రాసి ఉన్నా, రాసింది పక్కింటాయన ఖాతాలోదైతే ఏం లాభం?

"కాపీ సార్ ఇది"

తర్వాతి నాలుగో శనివారం మళ్ళీ ఎస్.పి. రోడ్డుకు వెళ్ళాను. ఈసారి వేరే దుకాణం. మెట్ల కింద రెండు గజాల చోటు, గోడనిండా చిన్న చిన్న సొరుగులు. కూర్చున్న కుర్రాడు చిత్తూరు వైపు మనిషి, నా మాట వినగానే తెలుగులోకి దిగాడు.

"ఏమప్పా, డి.ఎస్.18బి20 ఉందా?"

"ఉంది సార్. దేనికి సార్?"

అమ్మ సంగతి చెప్పాను. తీసిన సొరుగు మళ్ళీ లోపలికి తోసేశాడు.

"ఇది వద్దు సార్. కాపీ పీసు ఇది. పిల్లోళ్ళు కాలేజీ ప్రాజెక్టుకు తీసుకుపోతారు, దానికి చాలు. మందు విషయానికి నేను ఇయ్యను. ఒరిజినల్ కావాలంటే డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లుతో తీసుకోండి. నాలుగైదు రెట్లు అవుతుంది, కానీ అదే సరి."

అమ్మితే అతనికి వంద రూపాయల బేరం. అమ్మలేదు. ఆ రోజు నుంచి నా మిగతా సరుకంతా అతని దగ్గరే. వీధి బజారు మీద కోపం పెట్టుకోవలసిన పని లేదని అతను నేర్పాడు. ఏది ఎక్కడ కొనాలో తెలుసుకోవాలి, అంతే.

ఒక్క రెసిస్టరు చేసే తేడా

రెండో ప్రయత్నంలో థర్మిస్టరు అనే పాత పద్ధతికి వెళ్ళాను. థర్మిస్టరు అంటే చలి పెరిగేకొద్దీ విద్యుత్తును మరింతగా అడ్డుకునే చిన్న పూస. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓములు ఉండేది, సున్నా దగ్గర 33 కిలో ఓముల చిల్లర అవుతుంది. ఫ్రిజ్ చలిలో డిగ్రీకి సుమారు 5 శాతం మారుతుంది. దీనికి జతగా విలువ మారని మామూలు రెసిస్టరు ఒకటి పెట్టి, రెండూ వోల్టేజీని ఎలా పంచుకుంటున్నాయో చూసి బోర్డు లెక్కకడుతుంది. త్రాసులో ఒక తట్టలో థర్మిస్టరు, రెండో తట్టలో రెసిస్టరు అనుకోండి. తూకంరాయి తప్పుగా ఉంటే తూకమూ తప్పే.

నా దగ్గర డబ్బాలో ఉన్న పాత 10 కిలో ఓముల రెసిస్టరు పెట్టాను. మంచు గ్లాసులో ముంచితే సున్నాకు బదులు 0.7 చూపింది. రెసిస్టరు మీది రంగు గీతలు చూశాను. చివరి గీత బంగారు రంగు. అంటే 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చని కంపెనీవాడే ఒప్పుకున్నాడన్నమాట. మీటరు పెట్టి చూస్తే 10.38 కిలో ఓములు ఉంది. కంపెనీ మాట తప్పలేదు, తప్పు నాదే. డిగ్రీకి 5 శాతం మారే చోట 5 శాతం తప్పున్న తూకంరాయి పెడితే, ఒక డిగ్రీ దాకా లెక్క చెడుతుంది. 2కూ 8కీ మధ్య నడవవలసిన చోట ఒక డిగ్రీ అంటే చిన్నది కాదు.

రెసిస్టర్ల జాతకం ఈ చివరి గీతలోనే ఉంటుంది. బంగారు గీత అయితే 5 శాతం, గోధుమరంగు అయితే 1 శాతం. 1 శాతం రకాల్లో సాధారణంగా ఐదు గీతలుంటాయి. 0.1 శాతం, 0.01 శాతం రకాలు కూడా ఉన్నాయి. దీనితోపాటు చూడవలసింది ఇంకొకటుంది. వాతావరణం వేడెక్కితే రెసిస్టరు విలువే మారుతుంది. ఎంత మారుతుందో డిగ్రీకి పది లక్షల్లో ఇన్ని పాళ్ళు అని చెబుతారు. మామూలు కార్బన్ రకానికి అది కొన్ని వందలు, మెటల్ ఫిల్ము రకానికి యాభై, వంద, ఇంకా మేలైన వాటికి 25 లేక అంతకంటే తక్కువ.

"ఏమండీ, ఐసు గ్లాసు చెప్పిన 0.7ను లెక్కలో తీసేస్తే సరిపోదా?" అని మా ఆవిడ అడిగింది. మంచి ప్రశ్నే. చాలావరకు సరిపోతుంది. కానీ కార్బన్ రెసిస్టరు వేసవిలో ఒక మాట, చలికాలంలో ఒక మాట చెబుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ కొంత జరుగుతుంది. జరిగే తూకంరాయికి దిద్దుబాటు రాసుకోవడం కంటే జరగని రాయి పెట్టుకోవడం మేలు.

అత్యాశకు పోయిన సంగతి

ఈ జ్ఞానం కలిగిన ఉత్సాహంలో నేను ఇంకో తప్పు చేశాను. పెద్ద డిస్ట్రిబ్యూటరు దగ్గర 0.01 శాతం రెసిస్టరు ఒకటి తెప్పించాను. దాని ఒక్కదాని ధర నా పరికరంలో మిగిలిన సామానంతటి ధరకంటే ఎక్కువ. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. జాగ్రత్తగా అతికించి మంచు గ్లాసులో ముంచాను. మైనస్ 0.2 చూపింది.

కారణం చాలా సులభం. థర్మిస్టరే 1 శాతం రకం. 1 శాతం అంటే ఇక్కడ 0.2 డిగ్రీ. ఒక తట్టలో సరుకే అంత తేడా ఉన్నప్పుడు, రెండో తట్టలో బంగారం తూచే రాయి పెట్టి ఏం ప్రయోజనం? మొండికెత్తి, ఎస్.పి. రోడ్డు కుర్రాడి దగ్గర కొన్న 1 శాతం మెటల్ ఫిల్ము రెసిస్టర్లు ఒక్కొక్కటే మార్చి మార్చి చూశాను. ఒక్కొక్కటీ రూపాయి రెండు రూపాయల సరుకు. ఫలితం మైనస్ 0.1కూ మైనస్ 0.3కూ మధ్యనే ఉంది. అమ్మ మందుకు అంత చాలు. ఆ ఖరీదైన రెసిస్టరు ఇప్పటికీ అగ్గిపెట్టెలో దూది మధ్య ఉంది. బావమరిది వస్తే కనబడకుండా దాచుతాను.

ఏ సర్క్యూటులోనైనా కచ్చితంగా ఉండవలసినవి ఒకటో రెండో విడిభాగాలే. వాటిని కనిపెట్టడమే అసలు విద్య. నా పరికరంలో థర్మిస్టరు, దాని జత రెసిస్టరు, ఈ రెండే. దీపానికి పెట్టే రెసిస్టరు 5 శాతమైనా, పది శాతమైనా దీపం వెలుగుతుంది. డి.ఎస్.18బి20 తీగకు పెట్టే 4.7 కిలో ఓముల రెసిస్టరుకూ అంతే. బోర్డుకు వచ్చే కరెంటు 5 వోల్టులకు కాస్త అటూ ఇటూ ఉన్నా ఇక్కడ బాధ లేదు. త్రాసు రెండు తట్టలూ ఆ కరెంటు మీదనే వేలాడుతున్నాయి, బోర్డు కొలిచే కొలబద్దా అదే. పెరిగితే అన్నీ కలిసి పెరుగుతాయి, నిష్పత్తి మారదు.

పని మారితే ఆ ఒకటీ రెండూ మారిపోతాయి. పిల్లలు గడియారం చేస్తే అక్కడ కచ్చితం కావలసింది క్రిస్టలు. సెకనుకు 32,768 సార్లు కంపించే ఆ చిన్న గొట్టానికి పది లక్షల్లో 20 పాళ్ళ తప్పుంటే రోజుకు 1.7 సెకన్లు, నెలకు యాభై సెకన్ల పైచిలుకు తేడా వస్తుంది. డి.ఎస్.3231 అనే గడియారపు చిప్పుకు ఇంటి వాతావరణంలో తప్పు పది లక్షల్లో 2 పాళ్ళకు మించదని కంపెనీ మాట. అంటే ఏడాదికి నిమిషం. లిథియం బ్యాటరీ చార్జరు చేస్తే అక్కడ ప్రాణం వోల్టేజీని నిలబెట్టే రిఫరెన్సు చిప్పు. సాధారణ సెల్లు 4.2 వోల్టుల దగ్గర ఆగాలి, తప్పు 1 శాతం దాటకూడదు. టి.ఎల్.431 అనే చిప్పు పేరు చివర ఏ అక్షరమూ లేకపోతే తప్పు 2 శాతం దాకా, 'ఎ' ఉంటే 1 శాతం, 'బి' ఉంటే అర శాతం. ఒక్క అక్షరంలో సెల్లు ఉబ్బడమా, ఊరుకోవడమా అన్నది ఉంది. ఇక సిరామిక్ కెపాసిటర్లలో వై5వి అనే చౌక రకం వేడి, చలి మారేకొద్దీ విలువలో 82 శాతం దాకా పోగొట్టుకోవచ్చు. కరెంటులో చప్పుడు అణచడానికి అది చాలు. కాలం కొలిచే చోట మాత్రం సి0జి రకమే వాడాలి.

కొనేటప్పుడు

మన పాఠకుల్లో అందరూ పెద్ద ఊళ్ళలో లేరు. యానాంలో, బరంపురంలో, షోలాపూరులో ఉన్న మన పిల్లలకు నడిచి వెళ్ళే ఎస్.పి. రోడ్డు లేదు. వారు కంప్యూటరు మీద చూసి పోస్టులో తెప్పించుకోవలసిందే. నాకు దెబ్బలు తగిలి తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

మొదటిది, చిప్పు పేరు చివరి అక్షరం దాకా రాసుకోండి. ఎల్.ఎం.35 వేరు, ఎల్.ఎం.35డి వేరు. చివరి అక్షరంలోనే నాణ్యత తరగతి ఉంటుంది. "రెండూ ఒకటే సార్" అంటే ఒప్పుకోకండి.

రెండోది, కచ్చితం కావలసిన ఆ ఒకటీ రెండూ అధీకృత డిస్ట్రిబ్యూటరు దగ్గరే కొనండి. ప్రతి పెద్ద కంపెనీ తన డిస్ట్రిబ్యూటర్లు ఎవరో తానే ప్రకటిస్తుంది. డిజి-కీ, మౌసర్, ఎలిమెంట్14 వంటివారు మనదేశానికి రూపాయల్లో ధర కట్టి పంపుతారు. చిన్న ఆర్డరుకు రవాణా ఖర్చు సరుకు ధరను మించిపోతుంది కనుక నలుగురు కలిసి ఒకేసారి తెప్పించుకోండి. మన సంఘంలోనే ఇంజనీరింగు చదివే పిల్లలు ఎందరున్నారు! మిగతా సామాను, అంటే బోర్డు, తీగలు, దీపాలు, డబ్బా, ఎక్కడ చౌకైతే అక్కడ.

మూడోది, పొట్లం చూడండి. అసలు సరుకు ఒక పట్టీలోనో, సీలు వేసిన సంచిలోనో, లాటు నంబరు ఉన్న చీటీతో వస్తుంది. చిప్పు మీద చాలాసార్లు నాలుగంకెల తేదీ సంకేతం ఉంటుంది. 2318 అంటే 2023వ సంవత్సరం 18వ వారం. ఒకే పొట్లంలో చిప్పుల మీద అక్షరాలు ఒకదానికొకటి పోలకపోతే, పైభాగం గీకి మళ్ళీ రంగు వేసినట్టుంటే అనుమానించండి. అసిటోను తడిపిన దూదితో తుడిస్తే కొన్నిసార్లు కొత్త అక్షరాలు పోయి పాతవి బయటపడతాయి. ధర అసలులో పావువంతు ఉంటే తుడవవలసిన పని కూడా లేదు.

నాలుగోది, ఖరీదైనదే మంచిదని పరుగెత్తకండి. ప్లాటినంతో చేసిన పి.టి.100 సెన్సరు చాలా నమ్మకమైనది. సున్నా దగ్గర 100 ఓములు, డిగ్రీకి 0.385 ఓము చొప్పున మారుతుంది. కానీ దానికి తగిలించిన తీగల్లో ఒక్క ఓము దొంగచాటుగా చేరితే లెక్క 2.6 డిగ్రీలు తప్పుతుంది. అందుకే దానికి మూడు, నాలుగు తీగలు వాడతారు. ఆ వైభవం మన ఫ్రిజ్‌కు అక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరి దగ్గర కొన్నా సాక్ష్యం అడగండి. చలి కొలిచే వాటికి ఆ సాక్షి మంచు గ్లాసు. మంచినీళ్ళతో చేసిన ఐసును బాగా దంచి ఫ్లాస్కు నిండా పోయండి. సందులు నిండేంత నీళ్ళే పోయాలి. నీళ్ళలో నాలుగు ముక్కలు తేలుతుంటే చాలదు. సెన్సరు అడుగుకు తగలకుండా మధ్యలో ఉంచి, కలుపుతూ పది నిమిషాలు ఆగండి. ఉప్పు అంటిన చెంచా వాడకండి, సున్నా కిందికి దిగిపోతుంది. ఇంత జాగ్రత్త చాలు, సున్నా డిగ్రీలు మీ వంటింట్లోనే దొరుకుతుంది.

మరిగే నీళ్ళు 100 డిగ్రీలు కదా, దానితోనూ చూడవచ్చునని మా అమ్మాయి అంది. చెన్నైలో, యానాంలో అయితే చూడవచ్చు. మా బెంగుళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మంచుకు ఆ ఎత్తుపల్లాల భేదం లేదనే చెప్పాలి. కొండమీదా ఒకటే మాట, కడలి ఒడ్డునా ఒకటే మాట.

రెండు సంతకాలు

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉన్నది మూడో పరికరం. బ్యాంకులో లాకరు గది తాళాలు ఒక్కరి చేతిలో ఉండవు, ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ పద్ధతే ఇందులోనూ పెట్టాను. థర్మిస్టరు ఒకటి, బిల్లుతో కొన్న అసలు డి.ఎస్.18బి20 ఒకటి, రెండూ ఒకే డబ్బాలో సీసాల పక్కన. వేర్వేరు జాతులవి కనుక రెండూ ఒకే తప్పు చేసే అవకాశం తక్కువ. చలి 2 కిందికి పోయినా, 8 పైకి పోయినా బజరు మోగుతుంది. రెండింటి మాటకూ ఒక డిగ్రీకి మించి తేడా వచ్చినా ఎర్రదీపం వెలుగుతుంది. ఎవరు తప్పో అది చెప్పదు. కానీ ఎవరినీ గుడ్డిగా నమ్మవద్దని చెబుతుంది. దీన్ని నమ్మి డాక్టరు మాట పక్కన పెట్టేది లేదు. గాజు థర్మామీటరునూ తీసేయలేదు.

అమ్మకు అన్నీ చెప్పాను, మొదటిది పదిరోజులు అబద్ధం చెప్పిన సంగతితో సహా. కోప్పడుతుందనుకున్నాను. "మనుషుల్నే ఆర్నెల్లకొకసారి పరీక్ష చేస్తుంటిరి, మీ బ్యాంకులో. పెట్టెను మాత్రం ఒక్కసారీ చూడకుండా నమ్మితివా నాయనా?" అంది. మా శాఖకు వచ్చే తనిఖీల సంగతి ఆమెకు అంత బాగా గుర్తుంటుందని నాకు తెలియదు.

అందుకే మా ఇంట్లో ఇప్పుడొక ఆచారం ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఉగాది ముందు ఆదివారం ఒకసారి, ఆయుధ పూజ రోజు పొద్దున ఒకసారి, ఫ్లాస్కులో ఐసు దంచుతాం. మా అమ్మాయి సెన్సర్లు రెండూ ముంచి, అంకెలు నోటుబుక్కులో తేదీతో రాస్తుంది. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని పక్కన కూర్చుంటుంది. రెండూ సున్నాకు అర డిగ్రీ లోపల ఉంటేనే, నా టంకం కాడ పక్కన ఆ పెట్టెకు కూడా కుంకుమ బొట్టు పడుతుంది. కిందటి ఆయుధ పూజ నాడు థర్మిస్టరు మైనస్ 0.2, రెండోది 0.3 చూపాయి. అమ్మ ఆ రెండు అంకెలూ తానే పైకి చదివి, ఆ తర్వాతే బొట్టు పెట్టింది.